కాగితాల మధ్య పూసిన ముళ్లమొక్క

అమ్మా, ఉద్యోగం ఊడేలా ఉందని మొన్న రాశాను కదా, ఊడలేదు, బెంగపడకు.

ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే మా ఆఫీసులో, ఎడారి నుంచి వచ్చిన ముళ్లమొక్కను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టే ముందు మరిగే నీళ్లలో ముంచి చంపాలి. నాకు చేతులు రాలేదు, బతికుండగానే కాగితాల్లో పెట్టి కట్ట కట్టేశాను. ఇరవై రోజులకు మా పై అధికారి మేడమ్ కట్ట విప్పితే అది బతికే ఉంది, పైగా మొగ్గ విచ్చుకుని పూసింది! "ఇంత చదువూ చదివింది దీనికేనా తల్లీ?" అని గయ్యిమంది. నిన్న ఆ పువ్వును భూతద్దం కింద చూశాక మెత్తబడింది. ముళ్లను బట్టి తేలని జాతి పువ్వును బట్టి తేలిందట. "రేపు పెందలాడే రా అమ్మాయ్, పేరు చీటీ నువ్వే రాయాలి," అంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా స్వెట్టర్ పోస్టులో పంపించు. నాన్నకు నమస్కారాలు, చెల్లికి రెండు మొట్టికాయలు.

ఉద్యోగం పోతే ఇంటికొచ్చేస్తానని లోలోపల సంతోషించావు కదూ? నేనూ సంతోషించాను, ఎవరికీ చెప్పకు.

నీ పెద్దది