ముళ్ళు మొలిచిన గిటారు

ఆగస్టు 4

ఉదయం నుంచి చేసినవి: బట్టలు రెండు బకెట్లు, ఇస్త్రీ తొమ్మిది, నీళ్ళ ఫిల్టరు కడగడం ఒకసారి, మీ అన్నయ్య విరిగిన కాలి కింద దిండ్లు సర్దడం ఐదుసార్లు, ఆయన చేతి వేళ్ళకు ప్లాస్టర్లు మూడు. ఈ చివరి పద్దు గురించే ఈ ఉత్తరం.

పిచ్చుకకు వదిన ఆశీస్సులు.

మెట్ల మీద జారి మంచమెక్కిన అన్నయ్యకు కాలక్షేపమని, మీ ఫ్యాక్టరీలో చేసిన ఎలక్ట్రిక్ గిటారు పంపావు. ఆడబిడ్డవై ఉండి అంత ఖర్చు పెట్టినందుకు మరోసారి సంతోషం. దాని గొప్పగుణం, ప్లగ్గు తీసేస్తే ఇరుగుపొరుగు బతికిపోతారు. అయితే ఇప్పుడు చెప్పబోయేది మనసులో పెట్టుకోకు. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు బద్దలు ఉంటాయి కదా, ఫ్రెట్లు, వాటి కొసలు చెక్క దాటి బయటికి వచ్చాయి. చెయ్యి జరిపితే ముళ్ళకంచె మీద జరిపినట్టే. వచ్చిన రోజు ఇలా లేదు. మొదట్లో, "ఆడలేక మద్దెల ఓడంటున్నారా?" అని నేనే ఎగతాళి చేశాను. తరవాత నా వేలే గీరుకుంది.

పై అంతస్తులో సంగీతం మాస్టారు ఉన్నారు. ఆయనదీ మీ కంపెనీ గిటారే, అదే రకం, అదే రంగు. కానీ మీ సముద్రపు ఊళ్ళో కాదు, కొండ ఊళ్ళోని పాత ఫ్యాక్టరీలో చేసింది. కిందా మీదా తడిమి చూశాను, పట్టులా ఉంది. "అమ్మగారూ, కొండ ఊరి పనితనం వేరండీ. సముద్రం ఒడ్డున చేసినవి ఎంతైనా చెమ్మ సరుకండీ" అన్నారు ఆయన. ఆ మాట నా పద్దుల పుస్తకంలో రాసుకున్నాను.

గిటారును నిర్లక్ష్యంగా పడేశామని అనుకోవద్దు. వచ్చిన రోజునుంచీ దాని పెట్టెలోనే, నా పద్ధతిలో, భద్రంగా ఉంది.

ఇట్లు,
వదిన

తా.క. నువ్వు చిత్రిక పట్టిన గోడ అలమర తలుపు తొమ్మిదేళ్ళయినా పూర్తిగా మూతపడటం లేదు. వేలు దూరేంత సందు. నా పుస్తకం ఆఖరి పేజీలో 'రావలసినవి' కింద 'పిచ్చుక – తలుపు ఒకటి' అని ఇంకా అలాగే ఉంది.


ఆగస్టు 11

వదినకు పిచ్చుక నమస్కారాలు.

మనసులో పెట్టుకోవద్దన్నావు కదా, అందుకే బయటికే చెబుతున్నాను. కోపం వచ్చింది.

మా లైనులో ఆఖరి బల్ల నాది. నా ముద్ర పడకుండా ఏ గిటారూ గడప దాటదు. పదిహేడో నంబరు ముద్ర. ప్రతి మెడకూ రెండు పక్కలా పాత నూలు గుడ్డ లాగి చూస్తాను. ఒక్క పోగు తగులుకున్నా వెనక్కి పంపేస్తాను. అన్నయ్య గిటారుకైతే మూడుసార్లు లాగాను. నాలుగోసారి లాగబోతే పక్క బల్ల ఆవిడ, "చాలు తల్లీ, పెళ్ళికూతురిని చేస్తున్నావా?" అంది.

రెండు ఊళ్ళకీ చెక్క వచ్చేది ఒకే చోటునుంచి. యంత్రాలూ ఒకటే, కొలతలూ ఒకటే. ఫ్యాక్టరీ పెట్టిన మొదటి రెండేళ్ళు మా చేతులు కుదరలేదు, ఆ మాట నిజమే. పేరు చెడటానికి ఆ రెండేళ్ళు చాలాయి, బాగుపడటానికి పదేళ్ళు చాలడం లేదు. మీ మాస్టారు చూసి వాయిస్తారో, పెట్టె మీద ఊరి పేరు చదివి వాయిస్తారో అడుగు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

నీ
పిచ్చుక

తా.క. వానలు వెలిసి చెక్క ఆరేదాకా ఆగుదామని ఆ రోజే మొత్తుకున్నాను. "ఇవాళ్టి పని ఇవాళే, పట్టు చిత్రిక" అని నెత్తిన కూచున్నది ఎవరు?


ఆగస్టు 19

పిచ్చుకకు వదిన ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే గుడ్డ పరీక్ష పెట్టాను. ఫ్రెట్లు ఇరవై రెండు, కొసలు నలభై నాలుగు. అందులో ముప్ఫై ఒకటి పోగు లాగాయి. మాస్టారి గిటారుకు సున్నా. నేను అబద్ధం చెప్పను, నా గుడ్డా చెప్పదు. పైగా వారం కిందటికంటే ఇప్పుడు ఎక్కువైంది.

మాస్టారు వాసన చూసి, "ఇది లోపల ఉండిపోయిన సముద్రపు చెమ్మేనండీ" అని తేల్చారు. సరే, చెమ్మ అయితే దాని సంగతి నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఒక్క పప్పుగింజకు బూజు పట్టనివ్వలేదు. నా పద్ధతినే ఇవాళనుంచి మూడింతలు చేశాను. నువ్వేమీ దిగులుపడకు.

ఇంకో సంగతి. మీ అన్నయ్య నాకు చెప్పకుండా మీ హెడ్డాఫీసుకు ఫిర్యాదు రాశారు. నీళ్ళ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫిర్యాదులు అందుకున్న మనిషి, ఒక్కటి రాసే అవకాశం వస్తే వదులుతారా? "చెల్లెలి పొట్ట కొడతారా?" అన్నాను. "లేదే పిచ్చిదానా, దాని పేరే ఎత్తలేదు. 'ఇది వ్యక్తిలోపం కాదు, స్థలలోపం' అని స్పష్టంగా రాశాను" అని మురిసిపోయారు. నాలుగు పేజీలు. నకలు కూడా ఉంచుకున్నారు.

ఇట్లు,
వదిన

తా.క. మంచం మీద ఉన్న మనిషికి పోస్టు డబ్బా ఎలా అందిందని ఆరా తీశాను. మాస్టారు వేసి వచ్చారట.


ఆగస్టు 27

వదినా,

అన్నయ్య ఉత్తరం వచ్చింది. మా మేనేజరు దాన్ని గోడకు అంటించాడు. లైనులో ఉన్న నలభైమంది ఆడవాళ్ళం 'స్థలలోపం' అన్న మాట భోజనాల గంటలో నిలబడి చదివాం. నా పేరు ఎత్తకపోతేనేం, గిటారు నంబరు ఎత్తాడుగా. దాని పక్కన పదిహేడో ముద్ర ఉంటుందిగా.

నీకు ఇంతవరకూ చెప్పలేదు. ఏడాదిలో ఒకే ముద్ర మీద మూడు ఫిర్యాదులు వస్తే ముద్ర వెనక్కి ఇచ్చేయాలి. మళ్ళీ గరుకు కాగితాల గదిలోకి, చెక్క పొట్టులోకి పోవాలి. నాకు ఇప్పటికే రెండున్నాయి. ఒకటి లారీ కుదుపుది, రెండోది నిజంగా నా తప్పే. మూడోది అన్నయ్యది. సెప్టెంబరు 20న విచారణ. ముద్ర చేతికి రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది వదినా.

ఏడవడం లేదు, ఆలోచిస్తున్నాను. సముద్రం పక్కనున్నా మా చెక్క గదిలో గాలిని యంత్రాలతో ఆరబెడతారు, చెక్కలో తడిని మీటరుతో కొలుస్తారు. చెమ్మ మిగిలే వీలే లేదు. లోహం పెరగదు. కొసలు బయటికి వచ్చాయంటే చెక్కే చిక్కిపోయి ఉండాలి. చక్కనమ్మ చిక్కినా అందమేనంటారు గానీ, గిటారు చిక్కితే ముళ్ళే. మరి ఆ చెక్కలో ఉండాల్సిన తడిని ఎవరో తాగేస్తున్నారు. పొయ్యి దగ్గర పెట్టావా? ఎండలో పెట్టావా? నీ 'పద్ధతి' అంటే ఏమిటో వెంటనే రాయి.

పిచ్చుక

తా.క. అన్నయ్య దస్తూరీ మాత్రం నలభైమందీ మెచ్చుకున్నారు.


కార్డు, ఆగస్టు 31

పిచ్చుకా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్ధతి ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. లెక్క తేలకుండా నేను ఏదీ రాయనని నీకు తెలుసు. పన్నెండు రోజులు గడువు ఇవ్వు. వేళకు తిను.
– వదిన

తా.క. ఈ పన్నెండు రోజులూ మీ అన్నయ్య కలం నా కొంగుకు కట్టుకుని తిరుగుతాను.


సెప్టెంబరు 21

వదినకు పిచ్చుక నమస్కారాలు.

నిన్న విచారణ అయింది. మేనేజరు నీ దగ్గరనుంచి వచ్చిందని ఒక కవరు విప్పాడు. గళ్ళు గీసిన కాగితం, పన్నెండు వరసలు. చదువుతూ చదువుతూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. తరవాత కళ్ళు తుడుచుకుని, "ఫిర్యాదు కొట్టేశాం. ముద్ర నీ దగ్గరే ఉంచుకో. గోడ మీది కాగితం కూడా తీసేయి" అన్నాడు.

అందులో ఏముందండీ అని అడిగితే, "మీ వదినగారినే అడుగమ్మా, నేను చెప్పబోతే నవ్వు ఆగదు" అన్నాడు. ఏం రాశావు వదినా? ఇక్కడ నలభైమందిమీ నీ ఉత్తరం కోసం చూస్తున్నాం.

నీ
పిచ్చుక

తా.క. అన్నయ్యకు కలం ఇచ్చేయి, పాపం.


సెప్టెంబరు 25

ఇవాళ చేసినవి: బట్టలు ఒక బకెట్, ఇస్త్రీ ఆరు, మీ అన్నయ్యను చేతికర్రతో వరండాలో నడిపించడం రెండుసార్లు, ఇవి కాక ఈ నెల పన్నెండున వేసిన ప్లాస్టర్లు: కింది ఇంట్లో సున్నా, పై ఇంట్లో నాలుగు. ఈ చివరి పద్దు చదివేముందు కూర్చో.

మా పిచ్చుకకు వదిన ఆశీస్సులు.

కొత్త చెప్పుల డబ్బాల్లో, సంచుల్లో, మందు సీసాల్లో తెల్ల గుళికల పొట్లాలు వస్తాయి కదా, 'తినరాదు' అని రాసి ఉంటుంది. చెమ్మ పీల్చేవి. ఏ వస్తువునూ పారేయడం నాకు చేతకాదు. తొమ్మిదేళ్ళుగా అరవై మూడు పోగుచేశాను. నీ గిటారు పెట్టెలో మీ ఫ్యాక్టరీ వాళ్ళే ఒక పొట్లం పెట్టి పంపారు. ఒకటి మంచిదైతే ఇంకొన్ని మరీ మంచివి కదా అని, వచ్చిన రోజే ఇరవై ఒకటి దాని చుట్టూ పేర్చాను. మాస్టారు చెమ్మ అన్న రోజున అరవై మూడూ పెట్టాను. గాలి చొరకుండా పెట్టె అంచుకు టేపు వేశాను. అవి పీల్చి పీల్చి అలిసిపోకుండా ప్రతి ఆదివారం పెనం మీద సన్నటి సెగకు ఆరబెట్టి మళ్ళీ పెట్టాను.

నవ్వింది చాలు, మిగతాది చదువు.

ఆ తాగుబోతులు నావేనని నీ ఉత్తరంతో తెలిసింది. కానీ నా మాట ఒక్కటే రాస్తే మీ హెడ్డాఫీసు నమ్ముతుందా? ఆడబిడ్డను వెనకేసుకొస్తోంది అనరూ? అందుకని పైకి వెళ్ళాను. "మాస్టారూ, కొండ ఊరి గిటారు దేనికీ చలించదన్నారు కదా, నా పొట్లాలు పన్నెండు రోజులు మీ పెట్టెలో ఉంచుకుంటారా?" అని అడిగాను. "పన్నెండేమిటి అమ్మగారూ, ఏడాది ఉంచండి!" అని ఆయనే టేపు వేశారు. మన గిటారు పెట్టెలోంచి పొట్లాలన్నీ తీసేసి, చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి పెట్టాను. రోజూ సాయంత్రం నాలుగింటికి రెండింటికీ గుడ్డ పరీక్ష.

మొదటి రోజు: మనది ముప్ఫై ఎనిమిది, కొండది సున్నా. పన్నెండో రోజు: మనది మూడు, కొండది ఇరవై ఏడు.

మాస్టారు నాలుగు వేళ్ళకూ ప్లాస్టర్లు వేయించుకుంటూ, "ఎక్కడ చేసినా చెక్క చెక్కేనండీ" అన్నారు. పన్నెండు రోజుల లెక్క కింద ఆ మాటే రాయించి సంతకం తీసుకున్నాను. మీ మేనేజరు చూసింది ఆ కాగితమే. ఆయన గిటారుకూ ఇప్పుడు స్పాంజి పెట్టాను, తగ్గుముఖం పట్టింది. మీ అన్నయ్య కూడా నాలుగు పేజీల క్షమాపణ రాసి, 'స్థలలోపం' కొట్టేసి 'గృహలోపం' అని దిద్దారు. కలం ఇచ్చేశాను.

మాస్టారు వెళ్ళాక, పోస్టు చేసేదాకా ఆ కాగితం దాచుదామని అలమర దగ్గరికి వెళ్ళాను. ఆ సందులో వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. వానల్లో ఉబ్బిన తలుపును నీ చేత చిత్రిక పట్టించాను. ఎండలకు అది చిక్కింది. ఆగుదాం వదినా అని నువ్వు అన్నావు, నేను విన్నాను, అయినా ఆగనివ్వలేదు. తొమ్మిదేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ 'మా ఆడబిడ్డ పనితనం' అని చూపించాను. చెక్క సంగతి నీకు అప్పుడే తెలుసు. ముద్ర ఆరేళ్ళకు కాదు, ఆ రోజే ఇవ్వాల్సింది.

ఇట్లు,
నీ వదిన

తా.క. హెడ్డాఫీసునుంచి జవాబు వచ్చింది. ఇకనుంచి ప్రతి గిటారుతోనూ ఒక చీటీ పంపుతారట: 'పెట్టెలో ఉన్న పొట్లం ఒక్కటి చాలును. కొనుగోలుదారులు తమ సొంత పొట్లాలు చేర్చరాదు.' రెండు ఊళ్ళ ఫ్యాక్టరీలకూ ఇదే చీటీ.

మరో తా.క. పుస్తకం ఆఖరి పేజీ ఇవాళ దిద్దాను. 'రావలసినవి: పిచ్చుక – తలుపు ఒకటి' కొట్టేశాను. ఎదుటి పేజీలో 'ఇవ్వవలసినవి: పిచ్చుకకు – క్షమాపణ ఒకటి, తొమ్మిదేళ్ళ పాతది' అని రాశాను. ఈ ఉత్తరంతో చెల్లు.