గీతలు పడ్డ నాణెం, మిగతా చిల్లర

ఈ వీలునామా రాయిస్తున్న నాకు అరవై ఎనిమిదేళ్లు. పెద్దాసుపత్రి కాంటీన్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని. అక్కడ అందరూ నన్ను చిల్లరమ్మ అనేవాళ్లు. గుండె నీరసించింది, కుడికన్ను మసకేసింది గానీ బుద్ధి తిన్నగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలనూ లేదు. నా తదనంతరం నా స్వార్జితం ఎవరికి చేరాలో నా ఇష్టప్రకారం చెబుతున్నాను. ఇంతకుముందు ఎవరికైనా నోటిమాటగా ఏమైనా ఇస్తానని ఉంటే అది రద్దు.

1. దీన్ని అమలు జరపవలసింది ఆసుపత్రి ఎదురుగా మందుల షాపు ఉన్నాయన. మాట పొదుపు, మనిషి గట్టి. మా ఇంట్లోవాళ్లకి ఆయనంటే కాస్త బెరుకు కూడా ఉంది. అందుకే ఆయన్ని ఎంచుకున్నాను.

2. నా పెట్టెలోని పాత నాణేల మీద కాంటీన్‌కి గానీ, దాన్ని నడిపిన మా మరిదికి గానీ ఎలాంటి హక్కూ లేదు. మాట ఉన్నన్నాళ్లూ అతను ఉందనేవాడు కాబట్టి వివరంగా చెప్పాలి.

పెళ్లైన మూడో ఏట మా ఆయన అదే ఆసుపత్రిలో పోయారు. దినాలు అయ్యీ కాకముందే మా మరిది, "ఊరికే కూర్చుంటే దిగులు ఎక్కువవుతుంది వదినా, గల్లా దగ్గర కూర్చో" అన్నాడు. జీతం మాట అప్పుడూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు. పండక్కో పబ్బానికో చేతిలో పెట్టిన డబ్బే నా సంపాదన.

ఆసుపత్రి కాంటీన్‌కి వచ్చే చిల్లర వేరే చోట్ల చిల్లరలాంటిది కాదు. జబ్బు చేసిన ఇంట్లో ముందు పర్సు ఖాళీ అవుతుంది, తర్వాత బీరువా, ఆఖరికి పిల్లల డబ్బా. ఎన్నేళ్ల నుంచో కదలని నాణేలు అప్పుడు బయటికొస్తాయి. అంచులు పువ్వులా వంపులు తిరిగినవి, నడుమ బొక్క ఉన్నవి, బొమ్మ అరిగిపోయి గుండుసున్నాలా మిగిలినవి, ఏ దేశానివో తెలియనివి. టీ తాగి వార్డుకి పరుగెత్తే మనిషి ఏం ఇస్తున్నాడో చూసుకోడు. నేను చూసేదాన్ని. అలాంటిది కనబడితే తీసి, దాని బదులు నా కొంగుముడిలోంచి చెల్లే నాణెం గల్లాలో వేసేదాన్ని. ఒక్కటీ ఊరికే తీసుకోలేదు. "లెక్క సరిపోతే చాలు వదినా, నాణెం మొహం చూసి పిల్లనిస్తామా" అని మా మరిది నవ్వేవాడు. నవ్విన నోటితోనే తర్వాత అవి కాంటీన్‌వి అన్నాడు. చెల్లదు.

3. ఎర్రగుడ్డలో విడిగా కట్టి ఉంచిన పెద్ద రాగి నాణెం నాది కాదు. నేను దానికి కాపలా మాత్రమే.

ఒకావిడ తన కొడుకుని పిల్లల వార్డులో చేర్చింది. రోజూ పొద్దున్నే వేడిపాలకి వచ్చేది. ఒకరోజు సంచీ అడుగున మిగిలిన చిల్లరంతా కౌంటర్ మీద కుమ్మరించి పాలు పట్టుకెళ్లింది. అందులో ఉందిది. వెనకవైపు ఎవరో మేకుతో గీసిన అక్షరాలు, వంకరటింకరగా, ఒక పేరు. మర్నాడు ఇచ్చేద్దామని గల్లా పక్కన పెట్టుకునే నా డబ్బాలో వేశాను. మర్నాడు ఆవిడ రాలేదు. మంచం ఖాళీ అయిందని నర్సు చెప్పింది. అడ్రసు అడుగుదామని వార్డుకి వెళ్లాను గానీ, అప్పటికే వెళ్లిపోయారు.

కొన్నాళ్లకి నేను జ్వరంతో ఇంట్లో పడి ఉన్నప్పుడు ఆవిడ వచ్చింది. గల్లా దగ్గర మా మరిది ఉన్నాడు. ఆ వారం చిల్లరకి కటకటగా ఉందని అతను అప్పటికే నా డబ్బా బోర్లించి, చెల్లేవీ చెల్లనివీ అన్నీ జనానికి ఇచ్చేశాడు. అప్పుడు జరిగింది గిన్నెలు కడిగే ఆవిడ కళ్లారా చూసి నాకు చెప్పింది.

"మా బాబు గీసుకున్న పేరండీ అది. వాడి చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు" అందట ఆ తల్లి.

"నాణేనికి నాణెం తీసుకో తల్లీ" అని మా మరిది ఇంకోటి తీసి ముందు పెట్టాడట. ఆవిడ దాన్ని ముట్టుకోలేదట. వెనక్కి తిరిగి వెళ్లిపోయిందట.

ఆ తర్వాత నేను ప్రతి నాణెం తిరగేసి చూశాను. కాంటీన్‌లోనే కాదు, బస్సులో, కూరల కొట్లో, ఎక్కడ చేతిలో చిల్లర పడ్డా. పెట్టెలో ఉన్న వింత నాణేల్లో చాలావరకు దీన్ని వెతుకుతుంటే దొరికినవే. పదకొండేళ్ల తర్వాత ఒక బస్సు కండక్టరు టీకి ఇచ్చిన గుప్పెడు చిల్లరలో అది నా అరచేతిలోకొచ్చింది. ఒక అక్షరం అరిగిపోయింది. ఆసుపత్రి ఆఫీసులో అడిగితే అంత పాత కాగితాలు ఎప్పుడో తీసేశామన్నారు. ఆవిడ మళ్లీ రాలేదు. పాత నాణేలు కొనే షాపతను దాన్ని భూతద్దంలో చూసి, "ఈ గీతలు లేకపోతే మంచి ధర పలికేదమ్మా" అన్నాడు. ఎర్రగుడ్డలో చుట్టి తెచ్చేసుకున్నాను.

ఆ పేరు ఇక్కడ రాయించను. ఎవరైనా వచ్చి అడిగితే పేరు వాళ్లే చెప్పాలి. చెబితే ఇచ్చేయాలి, సంతకాలేవీ అడగొద్దు. మందుల షాపు ఉన్నన్నాళ్లు షాపులో, ఆ తర్వాత మా మరిది కూతురు చిన్నమ్మాయి దగ్గర ఉండాలి.

4. మిగతా నాణేలు, పెట్టెతో సహా, ఆ చిన్నమ్మాయికే, సర్వహక్కులతో. "పెద్దమ్మా, ఇది ఎవరింట్లోంచి వచ్చి ఉంటుంది" అని అడిగింది అదొక్కతే. అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు.

5. నా మెత్తటి దుప్పటి, రెండు గాజులు మా తోడికోడలికి. నలభై ఏళ్లు ఒకే వంటింట్లో ఉన్నాం. నా కంచంలోకి ఒక్కనాడూ తొంగిచూడలేదు.

6. గిన్నెలు కడిగే ఆవిడ దీనికి సాక్షి. సాక్షికి ఏమీ రాయకూడదని లాయరు అన్నాడు. అందుకే ఆవిడకి ఇవ్వదలుచుకున్నది నిన్ననే చేతిలో పెట్టేశాను.

7. బ్యాంకులో నా పేరున ఉన్న డబ్బు మా మరిదికి, కానీ అతని చేతికి కాదు. పక్షవాతం వచ్చి అతని కుడివైపు పడిపోయింది. కొడుకులు వాకిట్లో నిలబడి పలకరించి పోతున్నారు. అంత మనిషిని లేపి కూర్చోబెట్టడం మోకాళ్ల నొప్పులతో మా తోడికోడలి వల్ల కాదు. ఇన్నాళ్లూ నేను పట్టాను. ఆ డబ్బుతో ఒక ఆయాని పెట్టి, జీతం నెలనెలా మందుల షాపాయన ఇవ్వాలి.

దీన్ని బట్టి నేను అతన్ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. క్షమించలేదు. ఆ తల్లికి ఏం జరిగిందో అతనికి చాలాసార్లు చెప్పాను. ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. ఇప్పుడు మాట పడిపోయింది, ఇక అనలేడు.

ఆయాకి మాత్రం ఈ సంగతులు చెప్పాలి. జావ పలచగా ఉండాలి, ముద్దగా ఉంటే మింగలేడు. తల ఎడమచేత్తో ఎత్తి పట్టుకోవాలి. కిటికీ మూస్తే భయపడతాడు, తెరిచే ఉంచాలి. నేను పోయాక ఇవి తెలిసినవాళ్లు ఉండరు.

చదివి వినిపించగా విని, సరేనని చేసిన సంతకం. మార్చి నెల, పద్నాలుగో తారీఖు.

(సంతకం) చిల్లరమ్మ అని పిలవబడే నేను

సాక్షులు:
పిల్లల వార్డులో పనిచేసి రిటైరైన నర్సు (సంతకం)
కాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడ (ఎడమచేతి వేలిముద్ర)