ఆరో ఇంటికి మనిషి కావాలి

నర్సీపట్నం,
16-10-2003, గురువారం ఉదయం.

చెల్లెలు అప్పలలక్ష్మికి అన్నయ్య పోలిరాజు దీవించి వ్రాయునది.

నిన్న అన్నం ఎవరితో కలిసి తిన్నావు? ముందు దీనికి జవాబు చెప్పి, ఆ తర్వాత మిగతా ఉత్తరం విను. ఎవరితోనూ తినలేదంటావు, నాకు తెలుసు. తన ఒక్కడి కోసమే వండుకునేవాడు తినేది అన్నం కాదు, పాపం! ఇది నా మాట కాదు, శాస్త్రం మాట. నమ్మకపోతే ఏ పేజీలో ఉందో చూపిస్తాను.

ఇక్కడ మేము ఐదిళ్ళవాళ్ళమూ క్షేమం. ఆరో ఇల్లే క్షేమంగా లేదు. దానికి తాళం వేసి ఉంది.

కోటవురట్ల రోడ్డులో పాత జీడిపిక్కల గోడౌను ఉంది చూడు, దాని చుట్టూ ఆరిళ్ళు కట్టుకున్నాం. ఎవరి రెండు గదులు వాళ్ళవి, ఎవరి తాళం వాళ్ళది. వంట మాత్రం అందరికీ గోడౌనులో ఒకే పొయ్యి మీద. వంతులు వేసుకుని వండుతాం, ఒకే పంక్తిలో కూర్చుని తింటాం. పంక్తిలో ఒకరు కనిపించకపోతే ఇంకొకరు వెళ్ళి తలుపు కొడతారు. ‘ఒకే పొయ్యి నివాసం’ అని పేరు పెట్టింది నేనే.

ఆరో ఇంటికి మనిషి కోసం ప్రకటన చేసే పని కూడా నాకే అప్పగించారు. పద్నాలుగేళ్ళుగా మైకు పట్టుకుని ప్రవచనాలు చెబుతున్నవాణ్ణి, వదులుతానా? ఆటోకి మైకు కట్టించి రావికమతం దాకా తిరిగాను. ఒంటరిగా వండుకునే పాపాత్ములారా, ఆదివారం రండి, మా పంక్తిలో కూర్చోండి అని గర్జించాను. ఇళ్ళ సంగతి చివర్లో చెబుదామనుకున్నాను గానీ, అక్కడిదాకా వచ్చేసరికి ప్రతిసారీ ఆటో ఊరు దాటిపోయేది.

ఆదివారం ఎనభై మంది కంచాలు పట్టుకుని వచ్చారు. అన్నదానం అనుకున్నారమ్మా!

మా రెండో ఇంట్లో అచ్చియమ్మ అని, బడిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి ఉంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పిలిసింది నువ్వు గదా బాబూ, నువ్వే వండు, ఎసరెంతెట్టాలో నీ శాస్త్రంలో సూడు అంది. బియ్యం కడిగాను. రమణబాబు, అదే, నీ నక్కపల్లి బస్సు కండక్టరు, మూడో ఇల్లు ఆయనదే, తోసుకోకండర్రా, లోపలికి జరగండి అంటూ జనాన్ని వరస పెట్టాడు. మూడుసార్లు పులగం వండాం.

తిన్నాకైనా ఇల్లు చూశారు. పదకొండు కుటుంబాలకు నచ్చింది. పదకొండు కుటుంబాలూ పొయ్యి దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. తులసిమాల వేసుకున్న రోజు నుంచి నేను చేప మానేసిన సంగతి లోకమంతటికీ తెలుసు కదా. ఆ పొయ్యి పైన గోడమీద పెద్దక్షరాలతో రాయించాను: ‘ఇచ్చట చేప వండరాదు.’ ఒక పెద్దాయన అది చదివి, సముద్రాన్ని ఇంత దగ్గరెట్టుకుని సేప లేకుండా ఎలగ బతుకుతన్నారండీ, ఏటి పాపం సేసినారు అని మామీద జాలిపడి వెళ్ళాడు.

మొన్న మంగళవారం మీటింగు పెట్టారు. నేను అరగంట శాస్త్రం చెప్పాను. అచ్చియమ్మ ఆవలించి, మీ శాస్త్రం మీద మాకు గౌరవమే గురువుగారూ, నోరే సప్పబడిపోనాది, సేతులెత్తండర్రా అంది. నాది తప్ప నాలుగిళ్ళ చేతులూ లేచాయి. గోడమీది ఆ రాతకు సున్నం నేనే కొట్టాను.

తీరా చూస్తే చేప వండటం వీళ్ళలో ఒక్కరికీ రాదు. నిన్న అచ్చియమ్మ కోనెం చేప పులుసు పెట్టింది. గరిటె పెట్టి తిప్పిందమ్మా! ముక్కలన్నీ చెదిరి పప్పులాగా అయిపోయాయి. గిన్నె పట్టుకుని ఊపాలని నాకు తెలుసు, కానీ చేప ముట్టనివాణ్ణి, ఎలా చెప్పను?

రేపు శుక్రవారం సాయంత్రంలోగా మనిషి రాకపోతే ఆరో ఇంటిని సిమెంటు బస్తాలకు ఇచ్చేయాలని తీర్మానించారు. ఆ ఇంట్లో బస్తాలు కాదు, నువ్వుండాలి.

మూడేళ్ళ కిందట నువ్వు మార్కెట్టులో చేపలమ్మి, గంపతో నేరుగా నా ప్రవచనానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నావు. చేపల కంపుతో దైవసన్నిధికి రాకూడదని నేను మైకులో అన్నాను. దేవుడికి రాని కంపు నీకెలగొచ్చిందన్నయ్యా అని లేచి వెళ్ళిపోయావు. మాట మానేశావు. గిన్నె మానలేదు. ప్రతి సోమవారం నక్కపల్లి బస్టాండులో రమణబాబు చేతికి చేపల కూర ఇస్తూనే ఉన్నావు. నేను గిన్నె కడిగి పంపిస్తూనే ఉన్నాను.

పోయిన నెల రెండు సోమవారాలు గిన్నె రాలేదు. రమణబాబును ఆరా తీయమన్నాను. జ్వరంతో పడి ఉన్నావట, మంచినీళ్ళిచ్చే మనిషి కూడా లేదట. ఇక్కడైతే పంక్తిలో నీ విస్తరి ఖాళీగా ఉన్న మొదటి పూటే నీ తలుపు విరగ్గొట్టేవాళ్ళం.

రోజూ తెల్లారి బస్సుకు నక్కపల్లి వెళ్ళి సరుకు తెచ్చుకో, ఇక్కడి మార్కెట్టులో అమ్ముకో. నీ గంప పెట్టుకోవడానికి అరుగు కట్టించాను. గుమ్మం బయట కాదు, లోపల.

ఇట్లు,
నీ అన్నయ్య,
పోలిరాజు.

తా.క.: రమణబాబూ, గిన్నెలో పెట్టిన ఈ ఉత్తరాన్ని బస్టాండులో లక్ష్మికి చదివిపెడుతున్నది నువ్వే గనక నీకో మనవి. ఈ కింది ముక్క గొంతు తగ్గించి చదువు.

లక్ష్మీ, నీ కూర వీధిలోవాళ్ళకు పంచేస్తున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం. మూడేళ్ళలో ఒక్క ముక్క ఎవరికీ పెట్టలేదు. తలుపు గడియ వేసుకుని, కిటికీ మూసుకుని, నాలుగు అగరువత్తులు వెలిగించుకుని నేనొక్కణ్ణే తిన్నాను. ముల్లు కూడా చప్పరించాను. ఆటోలో ఊరూరా పాపాత్ముడా అని నేను పిలిచింది నన్నే.

ఆగు రమణబాబూ. గొంతు తగ్గించొద్దు. నా చెల్లెల్ని నేనన్నది మైకులో. ఇది బస్టాండంతా వినాలి. తా.క. మొదటి నుంచి మళ్ళీ చదువు, బస్సు కదిలేముందు కేకేస్తావే, ఆ గొంతుతో.

లక్ష్మీ, ముందు సీటులో నీకోసం తువ్వాలు వేయించాను. గంపతో సహా ఎక్కు. రేపు కాదు, ఈరోజే, ఈ బస్సుకే! ఈ పూట నువ్వు గిన్నె ఊపాలి, నేను అందరి ముందూ పంక్తిలో కూర్చుని తినాలి. బేగి బయల్దేరు.