నీ పాదం అచ్చు నా దగ్గరుంది

నన్ను ఆస్పత్రికి ఎనిమిదింటికే రమ్మన్నారు, అందుకే నిన్ను లేపలేదు. నీ పరీక్ష పదకొండింటికి. అమ్మాయి వచ్చి తీసుకొస్తుంది. మెడలో గొలుసు ఇంట్లోనే తీసి పెట్టు, ఎక్స్‌రేకి అడ్డం. టీకాల కాగితం మరిచిపోకు. ఊపిరి బిగబట్టమన్నప్పుడు మాట్లాడకూడదు. నీకు అదొక్కటే కష్టం.

నీ చెప్పుల అచ్చు కోసం వెతక్కు, నేనే పట్టుకెళ్తున్నాను. ముప్పై ఏళ్ల కింద క్షయ తగ్గాక తీసిన ఎక్స్‌రే తెమ్మన్నాడు కదా డాక్టరు. నా ఊపిరితిత్తి మీది మచ్చ పాతదేనని తేలాలట. తేలకపోతే ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే కాగితం మనిద్దరికీ ఆగిపోతుంది. ఆ ఫిల్ము గట్టిగా ఉందని అప్పుడే నీ పాదం కొలతకు కోసేశాను. నీకు చెప్పలేదు. "జబ్బు ఫొటోతో చెప్పులు కుట్టేవాణ్ణి నిన్నే చూశాను నాన్నా" అని అమ్మాయి తల కొట్టుకుంది. అచ్చుని కిటికీకి పట్టి చూశాను. మచ్చ మడమ దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

తెల్లారగట్ల కలొచ్చింది. డాక్టరు నా ఎక్స్‌రేని వెలుగుకు పట్టాడు. లోపలంతా పొగమంచు. అందులో నువ్వు మెల్లగా నడిచి వెళ్తున్నావు. "ఎవరీమె?" అన్నాడు. "మా ఆవిడండీ. ఎప్పటినుంచో అక్కడే ఉంటోంది" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నాడు.

అచ్చు వాళ్లే ఉంచేసుకుంటారేమోనని నిన్ననే ఇంకో జత కుట్టాను. మంచం కింద ఉంది. ఎడమది కాస్త బిగువు, నడిస్తే సాగుతుంది. వేసుకుని రా.