అత్తయ్య ఎన్ని వాట్లు?

పిఠాపురం,
జనవరి 6

చి. మెర్సీకి మీ మావయ్య శ్యాంబాబు ప్రభువు పేర దీవించి రాయునది.

ఫోన్‌లో నాకు సగం మాటలే వినబడతాయి కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కాకినాడ పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్తావు గనక ఈ సంగతి నిన్నే అడగాలి. మొన్న ఆదివారం పొద్దుటి ఆరాధనకి మీ సువార్తమ్మత్తయ్యని బండి వెనకాల ఎక్కించుకుని కాలవగట్టు మీద వెళ్తున్నాను. మంచు దట్టంగా ఉంది. ఎదురుగా గేదె ఉందని అది అరిచాక తెలిసింది. ఇద్దరం పక్కనున్న బోదె కాలవలో పడ్డాం. నాకేం దెబ్బ తగల్లేదు, అత్తయ్య మీద పడ్డాను.

అందుకని బండికి ముందు రెండు లైట్లు అదనంగా పెట్టిద్దామనుకుంటున్నాను. సామర్లకోటలో షాపతను లారీలకి పెట్టే హాలోజన్లు చూపించాడు. ఒక్కోటి యాభై ఐదు వాట్లట. కాకినాడ లైట్‌హౌస్ కూడా సిగ్గుపడుతుందన్నాడు. పెట్టించమంటావా?

నీ మేలు కోరే మావయ్య

తా.క.: క్రిస్మస్‌కి నంబరు ప్లేటు చుట్టూ పెట్టించిన రంగు బల్బుల దండ ఇంకా తీయలేదు. వెనక నుంచి చూసినవాళ్ళు బాగుందంటున్నారు.

---

కాకినాడ,
జనవరి 10

మావయ్యగారికి మెర్సీ వందనాలు.

హాలోజన్లు వద్దండి. మీ బండి పాతది, చిన్నది. అది తయారు చేసుకునే కరెంటులో దాని అవసరాలు పోగా మిగిలేది మహా అయితే ఇరవై వాట్లు. రెండు హాలోజన్లంటే నూట పది. ఇప్పటికే లోడ్ ఎక్కువైంది. కొత్తవి పెట్టాలంటే ముందు అక్కర్లేని లోడ్ తగ్గించాలి. లేకపోతే బండి దారిలో ఆగిపోతుంది.

అత్తయ్యగారికి నా వందనాలు చెప్పండి.

మీ మెర్సీ

తా.క.: వెనకాల ఉన్నదే అంతా తినేస్తోందని నా అనుమానం. మొహమాటపడకుండా తీసేయండి.

---

పిఠాపురం,
జనవరి 19

చి. మెర్సీకి మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం టిఫిన్ దగ్గర పైకి చదివాను. తా.క. కూడా చదివాను. అప్పటికి అత్తయ్య రెండో పెసరట్టు తుంచింది. ఆ ముక్క పళ్ళెంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ రెండో పెసరట్టు తినడం లేదు, నాకు మొదటిది కూడా పెట్టడం లేదు.

అయినా చదువుకున్న పిల్లవి, నీ మాట తీసెయ్యలేను గదా. ఆవిణ్ణి బండి ఎక్కించుకోవడం మానేశాను. ఆవిడ ఇప్పుడు మన వీధి వీరదుర్గ నడిపే ఆటోలో చర్చికి వెళ్తోంది. డెబ్బై రెండు కిలోల లోడ్ దిగింది కదా అని ధైర్యంగా హాలోజన్లు పెట్టించాను.

ఆదివారం వాటిని వేస్తే రెండు నిమిషాలు కాలవ అవతలి గట్టు కూడా కనబడింది. తర్వాత హారన్ నొక్కితే దగ్గింది. తర్వాత దగ్గడమూ మానేసింది, బండీ ఆగిపోయింది. చర్చి దాకా బండి తోసుకుంటూ వెళ్ళాను. ఆటోలోంచి మీ అత్తయ్య చూసింది. చెయ్యి కూడా ఊపింది.

బండి మీద ఇంక తియ్యడానికి నేను తప్ప ఏమీ లేదు. ఏం చెయ్యమంటావు?

మావయ్య

తా.క.: కిలోకి ఎన్ని వాట్లు?

---

కాకినాడ,
జనవరి 23

మావయ్యగారూ,

మీ ఉత్తరం చదివి తల పట్టుకుని కూర్చున్నాను. లోడ్ అంటే బరువు కాదండి, కరెంటు వాడకం. వెనకాల ఉన్నదంటే మీ రంగు బల్బుల దండ. అత్తయ్యగారు కాదు, కానే కాదు. ఆవిడ కూర్చుంటే కరెంటు ఒక్క చుక్క కూడా తగ్గదు.

హాలోజన్లు తీయించి, ఒక్కోటి ఎనిమిది వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెట్టించండి. రెండూ కలిపి పదహారు. వాటికి వేరే స్విచ్ పెట్టించండి, మంచు ఉన్నప్పుడే వేసుకోండి. దండ తీసేయండి, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టించండి. అత్తయ్యగారిని క్షమాపణ అడిగి, రేపే బండి ఎక్కించుకోండి.

సిగ్గుతో,
మెర్సీ

తా.క.: కిలోకి వాట్లు ఉండవు మావయ్యా.

---

పిఠాపురం,
ఫిబ్రవరి 3

బంగారుతల్లి మెర్సీకి సువార్తమ్మత్తయ్య రాయునది.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ మావయ్య బండి తోసుకుంటూ మెకానిక్ వీరబాబు దగ్గరికి వెళ్ళారు. నేనే విప్పాను. చదివి అరగంట నవ్వాను. నీమీద కోపం పోయింది. ఆ తర్వాత కత్తెర తెచ్చి, నా సంగతి ఉన్న ముక్కలన్నీ కత్తిరించేసి మిగతాది వీరబాబుకి పంపించాను. అతను నువ్వు రాసినట్టే ఎల్‌ఈడీలు బిగించాడు. దారి శుభ్రంగా కనబడుతోందట, హారన్ కూడా మోగుతోంది. నేను దిగినందుకే అంత వెలుగొచ్చిందని మీ మావయ్య ఊరంతా చెప్తున్నారు. చెప్పుకోనీ.

నిజం చెప్తున్నాను, ముప్పై ఏళ్ళుగా ఆ దారంతా నేను చూసింది ఆయన వీపే. కాలవ అవతల అంత పెద్ద కొబ్బరితోట ఉందని ఆటో ఎక్కాకే తెలిసింది. ఆటోలో ఐదుగురం ఆడవాళ్ళం పాటలు పాడుకుంటూ వెళ్తాం. జుట్టు చెదరదు, చీరకి బురదంటదు.

ఇంకో సంగతి. మీ మావయ్యకి వెనకాల ఎవరూ లేక తోచడం లేదు. మొన్న ఆదివారం ఆటో పక్కనే నెమ్మదిగా బండి నడుపుతూ దారి పొడుగునా నాతో కబుర్లు చెప్పారు. ఇన్నేళ్ళలో ఆయన నా మొహం చూస్తూ అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. ఇప్పుడు నన్ను మళ్ళీ బండి ఎక్కించకే.

ప్రేమతో,
అత్తయ్య

తా.క.: నేను కాస్త చిక్కాను, ఎక్కించుకోవచ్చేమో నిన్ను అడుగుతానంటున్నారు. అడిగితే నన్ను నూట పది వాట్లని రాసెయ్.