పెరిగిన తెల్ల కణాలు

తొర్రూరు,
బుధవారం.

తమ్ముడు రమాకాంత్‌కు,

మీ అక్క ప్రసూనకు రక్త క్యాన్సర్. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

తెల్ల కణాలు రోగంతో పోరాడతాయని ఎక్కడో చదివాను. పరీక్ష చేయించిన ప్రతిసారీ వాటి సంఖ్యను నా పుస్తకంలో రాసుకున్నాను. దుకాణంలో నిల్వ పెరిగినట్టు అవి పెరుగుతుంటే, బలం వస్తోందనుకుని మూడు వారాలు పెద్ద దవాఖానకు తీసుకుపోలేదు.

"అవన్నీ పచ్చి కణాలు పెద్దాయనా, కొట్లాడలేవు" అన్నాడు అక్కడి డాక్టరు.

ఎముక మూలుగ మార్చితేనే బతుకుతుందట. ఇచ్చేవారి రక్తంలోని గుర్తులు ఆమెవాటితో కలవాలి. నావి కలవలేదు. తోబుట్టువుల్లో ఇక నువ్వే ఉన్నావు.

"చిన్నోనికి సూదంటే భయం అన్నా, వాన్ని పరేషాన్ చెయ్యకు" అన్నది ప్రసూన. ఆమెకు తెలియకుండా రాస్తున్నాను. సోమవారం లోపు భూపాలపల్లి నుంచి బయలుదేరు. అడిగితే, నీ అంతట నువ్వే వచ్చినట్టు చెప్పు.

నీ అన్న