నీ స్తంభం దాకా వినిపించింది

లక్ష్మీ, మన పాప సుజాత పికోలో అనే చిన్న చెక్క పిల్లనగ్రోవి కొనింది! నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ మాట నీకు చెప్పకుండా నాకు అన్నం దిగడం లేదు.

అనంతపురం అంగడిలో నాలుగు ఊది చూసి ఏరుకుంది. నల్లటి చెక్క, మూరెడు కూడా ఉండదు, గొంతు మాత్రం ఆకాశానికి లేస్తుంది. భజనలో పాప వెదురు పిల్లనగ్రోవి తాళాల కింద అణిగిపోతుందనీ, వెనక ఆడవాళ్ళ వరుసలో నీదాకా రాదనీ ఎన్నేళ్ళు గొణిగావు!

నిన్న సాయంత్రం భజనలో పాప అది అందుకోగానే నేను తాళాలు కింద పెట్టి, పోయి నువ్వు ఆనుకునే స్తంభం దగ్గర కూర్చున్నాను.

"ఏమన్నా, ఆడోళ్ళలో కూచ్చున్యావే, సిగ్గు లేదా?" అని రామక్క నవ్వింది.

"మీ వదిన చోటికి యినపడ్తాందా లేదా చూస్తాండా, ఊరకుండమ్మా!"

వినిపించింది లక్ష్మీ! తత్వంలో ప్రతి మలుపూ వినిపించింది. పాట అయిపోయినా అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు.

"నాయనా, యినపడిందా?" అని పాప అంత దూరం నుంచి అరిచింది. నీ బదులు నేనే తల ఊపాను.

ఇక్కడివాళ్ళకు నేను చెప్పేశాను. అక్కడ నువ్వే చెప్పాలి: మీ అమ్మకు, మా నాయనకు, బత్తలపల్లె చిన్నత్తకు, మద్దెల కొట్టిన మా పెద్దన్నకు. అన్నకు మాత్రం చెవి దగ్గర గట్టిగా చెప్పు.